డిసీజ్ ఎకాలజీలో పీహెచ్‌డీ: సీటు ఎక్కడ పుడుతుంది, ఎక్కడ ఆగుతుంది

క్లుప్తంగా

జంతువుల సంఖ్య, తిండి, తిరిగే చోటు మారినప్పుడు వాటి రోగాలు ఎటు నడుస్తాయో చదివేది డిసీజ్ ఎకాలజీ. అమెరికాలో ఈ పీహెచ్‌డీ సీటు పేరుకు యూనివర్సిటీది, నిజానికి ఒక ప్రొఫెసర్ చేతిలో ఉన్న గ్రాంటుది. ఇండియాలో ఫెలోషిప్ విద్యార్థి పేరు మీద వస్తుంది, దాన్ని వెంటబెట్టుకుని ల్యాబ్ వెతుక్కోవాలి. ఈ తేడా పట్టుకుంటే 2025 నుంచి అమెరికాలో సీట్లు ఎందుకు బిగుసుకున్నాయో, తెలుగు విద్యార్థికి ఏ దారి తెరిచి ఉందో చాలావరకు తెలిసిపోతుంది.

పక్షి ఎలా చనిపోయింది, పక్షులు ఎందుకు చనిపోయాయి

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి ఏటా చలికాలం ముందు గూడబాతులు వస్తాయి. చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. 2021 చివర, 2022 మొదట్లో అవి వరసగా చనిపోవడం మొదలైంది. వందకు పైగా పోయాయి. కోసి చూస్తే లోపల నెమటోడ్ అనే సన్నటి గుండ్రటి పురుగులు. చావుకు కారణం అవేనని తేల్చారు.

పశువైద్యుడి పని దాదాపు అక్కడితో అయిపోతుంది. ఇంకో రకం మనిషి పని అక్కడే మొదలవుతుంది. పక్షుల్లో కనిపించే ఇలాంటి పురుగులు సాధారణంగా నీళ్లలోని కంటికి ఆనని జీవుల నుంచి చేపల్లోకి, చేపల నుంచి పక్షుల్లోకి చేరతాయి. మరి ఆ ఏడాదే ఎందుకు? పక్షులు మేతకు వెళ్లే చెరువులు మారాయా? ఒక్కో పక్షి ఎన్ని పురుగుల వరకు తట్టుకుంటుంది, ఎన్ని దాటితే పడిపోతుంది? వంద పోతే మరుసటి ఏడాది గూళ్లు ఎన్ని తగ్గుతాయి? ఈ ప్రశ్నలకు పోస్టుమార్టం టేబుల్ మీద జవాబు దొరకదు. చెరువు, చేప, చెట్టు, పక్షుల లెక్క నాలుగూ కలిపి కొన్నేళ్లు చూడాలి. ఈ పని చేసేవాళ్లనే డిసీజ్ ఎకాలజిస్టులంటారు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడూ ఇదే తేడా కనిపించింది. వైరస్ ఏదో ల్యాబ్ చెప్పింది, అది హెచ్5ఎన్1. కోళ్లను పూడ్చారు, చుట్టూ కిలోమీటర్లు కొలిచి జోన్లు గీశారు. మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక పసిపాప ఇదే వైరస్‌తో చనిపోయింది. కానీ ఫారంలోకి వైరస్ కొల్లేరుకు వచ్చే వలస పక్షుల వల్ల చేరుతుందా, కోళ్ల వ్యాను టైర్లతోనా, గుడ్ల ట్రేలతోనా అన్నది వేరే ప్రశ్న. దానికి పక్షుల రాకపోకలు తెలిసినవాడూ, లారీల రాకపోకలు లెక్కగట్టగలిగినవాడూ ఒకే గదిలో కూర్చోవాలి.

సికింద్రాబాద్‌లో దోమ, ఆ తర్వాత లెక్క

ఈ శాస్త్రం పుట్టుకలో హైదరాబాద్‌కు వాటా ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. బేగంపేటలోని ఆ భవనం ఇప్పటికీ ఉంది, 1902లో నోబెల్ వచ్చిన సంగతి స్కూలు పుస్తకాల్లోనూ ఉంది. పెద్దగా చెప్పుకోనిది ఆ తర్వాతి కథ. రాస్ మైక్రోస్కోప్ పక్కన పెట్టి లెక్కలు పట్టుకున్నాడు. మలేరియా పోవాలంటే ఊళ్లో దోమ అన్నదే లేకుండా చేయాలని అప్పట్లో అనుకునేవారు. అది అయ్యే పని కాదు కాబట్టి ప్రయత్నమే దండగన్నారు. రాస్ లెక్క వేరేగా తేల్చింది. మనిషికి ఇన్ని దోమలనే ఒక హద్దు ఉంటుంది, దోమల సంఖ్య అంతకంటే తగ్గితే చాలు, మిగిలిన దోమలు కుడుతూనే ఉన్నా రోగం తనంతట తాను ఆరిపోతుంది.

ఎందుకంటే, ఒక రోగి నుంచి సగటున ఒకరికంటే తక్కువమందికి అంటితే ప్రతి తరంలోనూ రోగుల సంఖ్య కుంచించుకుపోతుంది. కోవిడ్ రోజుల్లో టీవీల్లో నలిగిన ‘ఆర్ నాట్’ ఇదే. 1950ల్లో బ్రిటిష్ మలేరియా శాస్త్రవేత్త జార్జ్ మెక్‌డొనాల్డ్ ఇంకో అడుగు ముందుకేశాడు. పరాన్నజీవి దోమలో ఎదగడానికి పది రోజులో ఇంకాస్త ఎక్కువో పడుతుంది, ఈలోగా దోమ చస్తే అది ఎవరికీ రోగం అంటించలేదు. అందుకే దోమల సంఖ్యను సగం చేయడం కన్నా దోమ ఆయుష్షును కొద్దిగా కోయడమే ఎక్కువ ఫలితమిస్తుందని లెక్క తేలింది. ఇంటి గోడలకు మందు కొట్టడం వెనక ఉన్న తర్కం అదే.

రాస్ దగ్గర ఈ పిచ్చి అంటించుకున్నవాడు మెక్‌కెండ్రిక్. ఇండియన్ మెడికల్ సర్వీసు డాక్టర్, కసౌలి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశాడు. ఎడింబరో వెళ్లాక కెర్మాక్‌తో కలిసి 1927లో రాసిన సమీకరణాలే నేటికీ ఎపిడమిక్ మోడళ్లకు పునాది. అందులో జనం మూడు గంపల్లో ఉంటారు: రోగం ఇంకా రానివాళ్లు, వచ్చినవాళ్లు, వచ్చి పోయినవాళ్లు. గంప నుంచి గంపకు ఎంత వేగంగా మారుతున్నారన్నదే లెక్క.

1979లో రాయ్ ఆండర్సన్, రాబర్ట్ మే దీన్ని తిరగేశారు. అప్పటిదాకా జంతువుల సంఖ్యను తిండి, వేటాడే మృగాలు అదుపు చేస్తాయని ఎకాలజిస్టులు రాసుకునేవారు, రోగాన్ని డాక్టర్లకు వదిలేశారు. రోగం కూడా పులిలాగే ఒక జంతు సంతతిని అదుపులో పెట్టగలదని ఈ ఇద్దరూ లెక్కతో చూపించారు. మే మొదట భౌతికశాస్త్రం చదివినవాడు కావడం యాదృచ్ఛికమేమీ కాదు.

తెల్ల గుడ్డ, గసగసాల గింజ

ఈ పీహెచ్‌డీలో రోజు ఎలా గడుస్తుందో ప్రాస్పెక్టస్‌లు చెప్పవు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పిడుదులు అంటించే లైమ్ వ్యాధి మీద పనిచేసే విద్యార్థి వేసవి ఉదయం అడవిలోకి వెళ్తూ పట్టుకెళ్లేది ఒక తెల్ల గుడ్డ. మీటరు పొడవు, మీటరు వెడల్పు. ఒక అంచున కర్ర, కర్రకు తాడు. దాన్ని నేల మీద ఆకుల మీదుగా లాక్కుంటూ నడవాలి. కొన్ని అడుగులకోసారి ఆగి గుడ్డ తిరగేసి చూడాలి. పిడుదు పిల్ల గసగసాల గింజంత ఉంటుంది, కదిలితేనే అది మట్టి రేణువు కాదని తెలుస్తుంది. పట్టకారుతో తీసి ఆల్కహాల్ సీసాలో వేసి, సీసా మీద తేదీ, చోటు రాయాలి. గుడ్డ తడిస్తే ఆ రోజుకు పని బంద్. శీతాకాలమంతా ఆ సీసాల్లోని పిడుదులకు పీసీఆర్ చేయడం, వచ్చిన సంఖ్యలతో కంప్యూటర్ ముందు కుస్తీ పట్టడం.

న్యూయార్క్ రాష్ట్రం మిల్‌బ్రూక్‌లోని క్యారీ ఇన్‌స్టిట్యూట్‌లో రిక్ ఆస్ట్‌ఫెల్డ్ బృందం దశాబ్దాలుగా ఇలా లెక్కపెట్టి ఒక వరస పట్టుకుంది. ఓక్ చెట్లు విరగకాసిన మరుసటి ఏడాది తెల్లకాళ్ల ఎలుకలు పెరుగుతాయి. ఆ ఎలుకల రక్తం తాగిన పిడుదు పిల్లలు ఆ పై ఏడాది మనుషుల్ని పట్టుకుంటాయి. అంటే కాయ రాలిన రెండేళ్లకు రోగం. రోగులను మాత్రమే లెక్కపెట్టే ఆస్పత్రికి ఓక్ చెట్టు కనిపించదు.

మన పక్కనే ఇలాంటి కథ ఉంది. 1957లో కర్ణాటకలోని షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడ్డాయి, ఆ వెంటే మనుషులకు జ్వరాలు. కోతి జ్వరం అని పేరు పడిపోయింది కానీ మనుషులకు అంటించేది పిడుదే. పెద్ద పిడుదులు పశువుల మీద బతుకుతాయి. అడవి అంచుల్లో మేపుకొచ్చే ఆవులు వైరస్‌కు పెద్దగా సాయం చేయకపోయినా పిడుదుల సంఖ్యను పెంచుతాయి. అందువల్ల ఇక్కడ పరిశోధకుడు చదవాల్సింది కోతిని ఒక్కదాన్నే కాదు, అడవి అంచు, పశువుల మేత, ఎండుటాకులు ఏరే మనుషుల దినచర్య కూడా. బ్రిటన్ ఎకాలజిస్టులు, బెంగళూరులోని పర్యావరణ పరిశోధన సంస్థ ఏట్రీ తదితరులు కలిసి చేసిన ‘మంకీ ఫీవర్ రిస్క్’ ప్రాజెక్టు ఇలాంటి కలగలుపుకు మంచి నమూనా.

ఆస్ట్రేలియా హెండ్రా వైరస్ కథ ఇంకా సాగతీత. 1994లో బ్రిస్బేన్‌లో గుర్రాలకు, వాటి నుంచి మనిషికి వచ్చింది. ఆ వైరస్ అసలు ఉండేది పెద్ద గబ్బిలాల్లో. గబ్బిలం చెట్టు కింద తెల్లవారకముందే ప్లాస్టిక్ షీట్లు పరిచి, వాటి మీద పడ్డ మూత్రం చుక్కలను పోగుచేసి వైరస్ వెతకాలి. రైనా ప్లౌరైట్ బృందం 25 ఏళ్ల వివరాలు కలిపి 2022లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, చలికాలంలో పూసే చెట్లు నరికేయడంతో గబ్బిలాలు ఊళ్ల దగ్గరికి, గుర్రాల పచ్చికలోకి వచ్చాయి. తిండి కరువైన ఏడాది తర్వాత వైరస్ దాటడం ఎక్కువైంది. మిగిలిన అడవి బాగా పూసిన చలికాలాల్లో అది దాటనే లేదు. ప్లౌరైట్ మొదట చదివింది పశువైద్యం. ఆ తర్వాత ఎకాలజీలో పీహెచ్‌డీ.

డిపార్ట్‌మెంట్ పేరు చూసి వెతికితే

తెలుగు రాష్ట్రాల్లో రోగాల మీద పరిశోధన అనగానే మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ గుర్తొస్తాయి. ఆ పేర్లతో వెతికితే ఈ సీట్లు సగానికి పైగా తప్పిపోతాయి. ఇవి ఎకాలజీ, ఎంటమాలజీ (కీటకశాస్త్రం), వెటర్నరీ, గణితం, భూగోళశాస్త్రం, పబ్లిక్ హెల్త్ విభాగాల్లో చెల్లాచెదురుగా ఉంటాయి. జార్జియా యూనివర్సిటీలో ఓడమ్ స్కూల్ ఆఫ్ ఎకాలజీ, పెన్ స్టేట్‌లో ఇన్ఫెక్షస్ డిసీజ్ డైనమిక్స్ సెంటర్, ప్రిన్స్‌టన్‌లో ఎకాలజీ విభాగం, లండన్‌లో ఇంపీరియల్ కాలేజీ మోడలింగ్ బృందం, గ్లాస్గోలో రేబిస్ మీద పనిచేసేవాళ్లు. చేసేది ఒకే రకం పని, తలుపు మీద బోర్డులు మాత్రం వేరు.

కొన్నిసార్లు బోర్డు ఊహకు అందదు. రాబందుల ఉదాహరణ చూడండి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు వల్ల ఇండియాలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయని 2000ల మొదట్లో తేలింది, 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. రాబందులు పోవడంతో కళేబరాలు కుళ్లి, కుక్కలు పెరిగి, 2000 నుంచి 2005 మధ్య సుమారు 5 లక్షల అదనపు మరణాలు జరిగి ఉంటాయని అంచనా కట్టినవాళ్లు జీవశాస్త్రవేత్తలు కారు, ఇద్దరు ఆర్థికవేత్తలు. ఆ పరిశోధన 2024లో ఆర్థికశాస్త్ర పత్రికలో వచ్చింది.

అమెరికాలో సీటు ఎవరి చేతిలో ఉంటుంది

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు, వారిలో సగానికి మించి పీజీ స్థాయి. తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిన దారి ఎంఎస్. కన్సల్టెన్సీ, జీఆర్‌ఈ, ఎడ్యుకేషన్ లోన్, ఫీజు. కోర్సు ఉంది, సీట్లున్నాయి, డబ్బు కడితే చేర్చుకుంటారు. పీహెచ్‌డీలో డబ్బు ఎదురు దిశలో నడుస్తుంది. ఫీజు మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. కాబట్టి ఎవరి దగ్గర డబ్బు ఉందో వాళ్ల దగ్గరే సీటు ఉంటుంది.

బయోమెడికల్ విభాగాలు చాలాచోట్ల విద్యార్థులను కలిపి చేర్చుకుని, మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో తిప్పి, తర్వాత గైడ్‌ను ఎంచుకోనిస్తాయి. ఎకాలజీ విభాగాల్లో ఎక్కువగా అలా ఉండదు. దరఖాస్తుకు ముందే ఒక ప్రొఫెసర్ ‘ఈ అమ్మాయి నా ల్యాబ్‌కు కావాలి’ అనాలి. ఆ మాట లేకుండా పంపిన దరఖాస్తు ఎంత మంచి మార్కులున్నా పక్కకు పోతుంది, ఫీజు దండగ. అందుకే ఆగస్టు నుంచి నవంబరు వరకు ప్రొఫెసర్లకు మెయిళ్లు, జూమ్ మాటలు నడుస్తాయి. డిసెంబరులో గడువులు వస్తాయి. అప్పటికి సగం నిర్ణయం అయిపోయి ఉంటుంది. చాలా విభాగాలు జీఆర్‌ఈ అడగడం మానేశాయి, కానీ ఒక్క పేరాలో ‘మీ ల్యాబ్‌లో ఈ ప్రశ్న మీద, ఈ కారణంగా’ అని చెప్పగలగడం జీఆర్‌ఈ కన్నా కష్టమని రాసి చూసినవాళ్లకు తెలుసు. వందమందికి పంపిన ఒకే మెయిల్‌ను ప్రొఫెసర్లు మొదటి వరసలోనే పట్టేస్తారు.

ఆ ప్రొఫెసర్‌కు డబ్బు ఎక్కడిది? ముఖ్యంగా నేషనల్ సైన్స్ ఫౌండేషన్, అంటే ఎన్‌ఎస్‌ఎఫ్. ఆరోగ్య పరిశోధనకు నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్, అంటే ఎన్‌ఐహెచ్. ఈ రెండూ కలిసి 2000లో ‘రోగాల ఎకాలజీ, పరిణామం’ మీద ప్రత్యేక గ్రాంట్ల పథకం మొదలుపెట్టాయి. ఈ రంగం ఒక రంగంగా నిలదొక్కుకోవడానికి ఆ పథకం ఊతమిచ్చింది. సాధారణంగా గ్రాంటు మూడు నుంచి ఐదేళ్లు ఉంటుంది. దాని మీద ఒకరిద్దరు విద్యార్థులు రీసెర్చ్ అసిస్టెంట్లుగా నిలుస్తారు. పీహెచ్‌డీకేమో ఐదారేళ్లు పడుతుంది. మధ్యలో మిగిలిన ఖాళీని డిపార్ట్‌మెంట్ ఇచ్చే టీచింగ్ అసిస్టెంట్‌షిప్ పూడుస్తుంది.

పౌరసత్వం సంగతి విడిగా చూడాలి. ఎన్‌ఎస్‌ఎఫ్ ఇచ్చే గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ (మూడేళ్లు, ఏడాదికి 37,000 డాలర్లు) అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే. డిగ్రీ విద్యార్థులకు వేసవి పరిశోధన శిక్షణ ఇచ్చే ఆర్‌ఈయూ పథకమూ అంతే. ఇక్కడి నుంచి వెళ్లే విద్యార్థికి ఇవి లేవు, కానీ ప్రొఫెసర్ గ్రాంటు మీద అసిస్టెంట్‌గా చేరడానికి పౌరసత్వం అడ్డు కాదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిన తెలుగు పిల్లలకు ఆర్‌ఈయూ దారి తెరిచే ఉంటుంది. హెచ్-4 వీసా మీద పెరిగిన పిల్లలకు, అదే స్కూల్లో అదే బెంచీలో చదివినా, మూసే ఉంటుంది.

2025లో బిగుసుకున్నదేమిటి

ఫిబ్రవరిలో ఎన్‌ఐహెచ్ తన గ్రాంట్లలో యూనివర్సిటీ నిర్వహణ ఖర్చుల వాటాను 15 శాతానికి కుదిస్తామంది. కరెంటు, ల్యాబ్ భవనం, అకౌంట్ల సిబ్బంది, జంతువుల షెడ్లు ఈ వాటాతోనే నడుస్తాయి. కోర్టులు ఆపాయి, కానీ అప్పటికే భయం పట్టుకుంది. కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ ప్రవేశాలు తగ్గించుకున్నాయి, ఇచ్చిన ఆఫర్లను వెనక్కి తీసుకున్నవీ ఉన్నాయి. ఏటా సుమారు 2,000 ఇచ్చే గ్రాడ్యుయేట్ ఫెలోషిప్‌లను ఎన్‌ఎస్‌ఎఫ్ ఏప్రిల్‌లో 1,000కి తగ్గించింది, జూన్‌లో మరో 500 కలిపింది. ఎన్‌ఎస్‌ఎఫ్ బడ్జెట్‌ను సగానికి పైగా కోయాలని వైట్‌హౌస్ ప్రతిపాదించింది. ప్రతిపాదన చట్టం కాదు, డబ్బు కేటాయించేది కాంగ్రెస్. అయినా ఐదేళ్ల విద్యార్థికి మాట ఇవ్వాల్సిన ప్రొఫెసర్‌కు చేతికి రాని డబ్బు మీద మాట ఇవ్వడం టెన్షనే.

విదేశాల్లో ఫీల్డ్ పని మీద దెబ్బ ఇంకా గట్టిగా పడింది. గబ్బిలాలు, ఎలుకల్లో కొత్త వైరస్‌లను వెతికిన ‘ప్రిడిక్ట్’ లాంటి ప్రాజెక్టులకు డబ్బు ఇచ్చింది అమెరికా విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్. 2025 జులై 1తో ఆ సంస్థ పనులు ఆగిపోయాయి.

భారతీయ విద్యార్థికి ఇందులో ఒక మెలిక ఉంది. గ్రాడ్యుయేట్ ఫెలోషిప్‌కు మనవాళ్లు ఎప్పుడూ అర్హులు కారు కాబట్టి అది తగ్గితే మనకేం అనిపించవచ్చు. కానీ ఫెలోషిప్ దొరకని అమెరికా విద్యార్థి ఊరుకోడు, ప్రొఫెసర్ గ్రాంటు మీదికో, టీచింగ్ అసిస్టెంట్‌షిప్‌కో వస్తాడు. భారతీయులకు ఉన్నవి ఆ రెండు దారులే. పోటీ అక్కడ పెరుగుతుంది. దీనికి తోడు విద్యార్థి వీసా బసను నాలుగేళ్లకు పరిమితం చేయాలన్న ప్రతిపాదన 2025 ఆగస్టులో వచ్చింది. అమల్లోకి వస్తే ఐదారేళ్ల పీహెచ్‌డీ మధ్యలో పొడిగింపు అడుక్కోవాలి. సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు.

ఈ రంగానికి మాత్రమే ఉన్న నష్టం ఒకటుంది. ఓక్ చెట్టు గ్రాంటు గడువు చూసుకుని కాయదు. కాయ, ఎలుక, పిడుదు అనే ఒక్క చక్రం తిరగడానికి మూడేళ్లు కావాలి. ఒక పీహెచ్‌డీలో అలాంటివి రెండు చూస్తే గొప్ప. ఒక విద్యార్థి వదిలిన చోట ఇంకో విద్యార్థి అందుకోబట్టే హెండ్రా మీద 25 ఏళ్ల వివరాలు పోగయ్యాయి. ఒక ఏడాది ఎవరూ చేరకపోతే ఆ ఏటి పిడుదుల లెక్క ఉండదు, తర్వాత ఎంత డబ్బు వచ్చినా దాన్ని పూడ్చలేరు.

బ్రిటన్, యూరప్

బ్రిటన్‌లో ప్రాజెక్టును ముందే పేరుతో సహా ప్రకటిస్తారు, మూడున్నర నుంచి నాలుగేళ్లు. ప్రభుత్వ పరిశోధన మండలి స్టైపెండ్ 2025-26కు ఏడాదికి 20,780 పౌండ్లు. ఒక బ్యాచ్‌లో విదేశీయులు 30 శాతం మించకూడదన్న హద్దు ఉంది. జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి చోట్ల పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగమే, కాంట్రాక్టు, జీతం ఉంటాయి. అయితే ముందు మాస్టర్స్ చేసి ఉండాలి. యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే మారీ క్యూరీ డాక్టొరల్ నెట్‌వర్కులకు జాతీయత అడ్డం లేదు. చేరబోయే దేశంలో గత మూడేళ్లలో పన్నెండు నెలలకు మించి ఉండకూడదన్నదే షరతు. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లేవాళ్లకు ఇది కలిసొచ్చేదే.

ఇండియాలో డబ్బు విద్యార్థి వెంట

ఇక్కడ లెక్క తారుమారు. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పాసై జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు, సీనియర్ అయ్యాక 42,000, పైన ఇంటద్దె. ఈ రేట్లు 2023 జనవరి నుంచి ఉన్నవి. ప్రధానమంత్రి ఫెలోషిప్ అయితే 70,000తో మొదలైంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు విడిగా జాతీయ ఫెలోషిప్‌లున్నాయి. ఫెలోషిప్ ఉన్న విద్యార్థి గైడ్‌కు భారం కాదు, కాబట్టి ప్రొఫెసర్ ప్రాజెక్టు డబ్బు అయిపోయినా విద్యార్థి నిలుస్తాడు. ఈ పద్ధతి బలం అదే. బలహీనతా అక్కడే ఉంది: జీతం వస్తుంది కానీ అడవికి జీపు, పీసీఆర్ కిట్లు, ఫీల్డ్ అసిస్టెంట్ కూలీ ఫెలోషిప్‌లో రావు. ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి ఆలస్యమవుతుందన్నది పరిశోధక విద్యార్థుల పాత ఫిర్యాదు.

నెట్ లైఫ్ సైన్సెస్ సిలబస్‌లో 13 యూనిట్లలో పదోది ఎకాలజీ, పదకొండోది పరిణామం, ప్రవర్తన. బయోకెమిస్ట్రీ మీద పడి చాలామంది వదిలేసే యూనిట్లు ఇవే. గేట్‌లో ‘ఎకాలజీ అండ్ ఎవల్యూషన్’ అనే పేపరే విడిగా ఉంది. టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్, దాని బెంగళూరు జీవశాస్త్ర కేంద్రం ఎన్‌సీబీఎస్ వైపు వెళ్లాలంటే జేజీబిల్స్ అనే ప్రవేశ పరీక్ష.

చోట్ల విషయానికొస్తే, హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కింద అత్తాపూర్‌లో ఉన్న లాకోన్స్ ల్యాబ్ వన్యప్రాణుల మీద, కప్పల్ని చంపే కైట్రిడ్ ఫంగస్ మీద పనిచేసింది. ప్రపంచంలో కనీసం 501 ఉభయచర జాతులు ఆ ఫంగస్ వల్ల తగ్గాయని 2019లో లెక్కగట్టారు. తిరుపతిలోని కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లో ఎకాలజీ పరిశోధన ఉంది. బెంగళూరులో ఐఐఎస్‌సీ, ఎన్‌సీబీఎస్, ఏట్రీ, పుణేలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ ఉన్నాయి. పుదుచ్చేరిలో వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ నడిపే వెక్టర్ కంట్రోల్ సెంటర్‌లో (రోగాలు మోసే కీటకాల మీద పనిచేసే కేంద్రం) పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ ఎమ్మెస్సీ ఉంది. దోమల మీద పనిచేయాలనుకునే జువాలజీ విద్యార్థికి ఇంత సూటి దారి ఇంకోటి లేదు. పీహెచ్‌డీ తర్వాతి ఫెలోషిప్‌లు ఇచ్చే ఇండియా అలయన్స్ ఆఫీసు కూడా హైదరాబాద్‌లోనే ఉంది.

చేరాక చాలా కాలం అనుమతులకే పోతుంది. వన్యప్రాణుల చట్టం కింద గబ్బిలాన్నో కోతినో పట్టాలంటే అటవీ శాఖ ఉత్తర్వు కావాలి, ఫైలు నెలలు తిరుగుతుంది. శాంపిల్ విదేశానికి పంపాలంటే జీవవైవిధ్య చట్టం ఇంకో గడప. ఈ రెంటికీ మొదటి సంవత్సరమంతా పోయిన విద్యార్థి రెండో ఏడాది ఫీల్డ్‌కు వెళ్లేసరికి ఆ జంతువు ఈనే కాలం దాటిపోతుంది. అందుకే అనుభవమున్న గైడ్‌లు పాత అనుమతి ఉన్న చోటనే కొత్త విద్యార్థిని పెడతారు. విద్యార్థి సొంత ఐడియా కొంత పక్కకు పోతుంది, కానీ థీసిస్ పూర్తవుతుంది.

ఎవరికి అనుకూలం, తర్వాత ఏ పని

తెలుగు రాష్ట్రాల్లో ఈ రంగానికి సరిపోయే రెండు గుంపులు దాని పేరే విననివి. ఒకటి ఎంపీసీ దారిలో వచ్చిన గణితం, స్టాటిస్టిక్స్ విద్యార్థులు. మోడలింగ్ ల్యాబులకు జీవశాస్త్రం నేర్పడం తేలిక, కలనం నేర్పడం కష్టం. రెండోది తిరుపతి శ్రీ వెంకటేశ్వర, హైదరాబాద్ పి.వి.నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయాల నుంచి వచ్చే బీవీఎస్సీ పట్టభద్రులు. జంతువును పట్టుకోవడం, రక్తం తీయడం, మత్తు ఇవ్వడం వాళ్లకు ముందే వచ్చు. వాళ్లకు తక్కువైనది సాధారణంగా ‘ఆర్’ ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్. గబ్బిలాల మీద పనిచేసేవాళ్లు ముందే రేబిస్ టీకా వేయించుకోవాలి. ఇది దరఖాస్తులో ఎవరూ రాయని అర్హత.

చదువు అయ్యాక ‘డిసీజ్ ఎకాలజిస్ట్’ అనే పోస్టు ప్రభుత్వ నోటిఫికేషన్లలో దాదాపు కనిపించదు. ఎక్కువమంది పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన కొలువులు) చేసి యూనివర్సిటీల్లో, ఐసీఎంఆర్ సంస్థల్లో కుదురుకుంటారు. మోడలింగ్ నేర్చినవాళ్లను మందుల కంపెనీలు, డేటా సంస్థలు తీసుకుంటాయి, రోగం పక్కన పెట్టి లెక్క మాత్రం వాడుకుంటాయి. నాగ్‌పుర్‌లో వన్ హెల్త్ జాతీయ సంస్థకు 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. మనుషులు, పశువులు, అడవి జంతువుల రోగాలను ఒకే కప్పు కింద చూడాలన్నది దాని ఉద్దేశం కాబట్టి పోస్టుల పేర్లు అక్కడ మారవచ్చు. ఈలోగా మన జిల్లాల్లో ఈ శాస్త్రానికి దగ్గరగా ఉన్న కుర్చీలు రెండు: జిల్లా మలేరియా అధికారి, ఎంటమాలజిస్టు. ఆ నోటిఫికేషన్లు ఎక్కువగా అడిగేది జువాలజీయో ఎంటమాలజీయో. లెక్కల వైపు నుంచి ఈ శాస్త్రంలోకి వచ్చినవాళ్లు వాటికి దరఖాస్తు చేసేముందు అర్హతల కాలమ్ ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.